ఇరవై రెండు అంగల వీధి

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఏ పెళ్లిలోనో కనబడి, మీ సర్వీసులో బాగా గుర్తున్న ఫైలు ఏది సార్ అని అడుగుతుంటారు. ఏదో ఘనకార్యం చెబుతానని వాళ్ల ఆశ. నాకు బాగా గుర్తున్నది నేను చేతులారా పాడుచేసిన ఫైలు. పెళ్లిభోజనాల దగ్గర చెప్పే కథ కాదు కనుక ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూచున్నాను, నన్ను సస్పెండు చేసేవాడు లేడు, కాబట్టి చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటాక నాలుగేళ్లపాటు కర్నూలు కలెక్టరాఫీసులో నేను తుపాకుల సీటు చూశాను. నా బీరువాలో తుపాకులు ఉండేవనుకునేరు. ఉండేవి కాగితాలే. లైసెన్సు కావాలని ఎవరైనా అర్జీ పెడితే పోలీసులు ఒక రిపోర్టు, మండలం వాళ్లు ఒక రిపోర్టు పంపుతారు. వాటిని కలిపి కుట్టి, నోటు రాసి, పై అధికారి సంతకానికి పెట్టడం నా పని. మా జిల్లా సంగతీ, పక్కన కడప సంగతీ మీకు తెలియనిది కాదు. ఇంట్లో తుపాకి ఉందంటే ఊళ్లో నమస్కారాలు పెరిగే రోజులు అవి. నా టేబుల్ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ ఇప్పించండి అనే వచ్చాడు. ఇవ్వొద్దని అడగడానికి వచ్చింది నా సర్వీసులో ఒకే ఒక్క మనిషి.

ఆమె సోమవారం వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో మందుల సంచి. పెద్దాసుపత్రికి చూపించుకోవడానికని ఇంట్లో చెప్పి బయల్దేరిందట. ఊరు కోడుమూరు దాటాక ఇంకా లోపలికి. ఆమె భర్త రెండు గొట్టాల తుపాకికి అర్జీ పెట్టాడు, పంటను పందుల నుంచి కాపాడుకోవడానికి అని. ఫైలు నా దగ్గరే ఉంది. రిపోర్టులు రెండూ అభ్యంతరం లేదనే వచ్చాయి. ఇక నోటు ఒక్కటే బాకీ.

మీ ఇంటాయన చెడ్డవాడా అని అడిగాను. కాదంది. తాగుతాడా అంటే అదీ లేదంది. మరి ఎందుకమ్మా అంటే, నెమ్మదిగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఎన్నాళ్లుగా లోపల అనుకుంటూ వచ్చిందో మరి.

"మాకెదురిల్లు మా బావది సార్. మా అక్కనే ఆయింట్లో ఇచ్చినారు. బోరు కాడ అన్నదమ్ములకు పడదు. వాళ్లు లోతుకేసినంక మా బోరు ఎండిపాయ. మా ఆయప్పకు కోపమొస్తే కట్టె తీసుకోని ఉరుకుతాడు. మాకూ వాళ్లకూ నడమ వీధి ముప్పై అంగలు ఉంటాది. అది దాటేలోపల ముగ్గురన్నా వచ్చి పట్టుకుంటారు. పట్టుకున్నంక రొంత సేపటికి ఆయప్పే ఏడుస్తాడు. తుపాకొస్తే వీధి దాటే పని లేదు గదా సార్."

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. "ఆయింట్లో తొమ్మిదిమంది ఉండారు. సందకాడ అందరూ అరుగుమీదనే కూచుంటారు."

బయట అర్జీలు రాసే ఆయన చేత రాయించుకున్న కాగితం ఇచ్చింది. కింద వేలిముద్ర. చూస్తానులేమ్మా అన్నాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. నా మనసు కదిలింది, అబద్ధం చెప్పను. కానీ మనసు కదిలిన నేనే ఆ తరువాత ఏం చేశానో వినండి.

నా టేబుల్ మీద కుడిచేతి పక్కన ఒక రబ్బరు స్టాంపు ఉండేది. 'విచారించి నివేదిక పంపగలరు' అని దాని మీద అక్షరాలు. ఏ ఫిర్యాదు వచ్చినా నంబరు వేయడం, స్టాంపు కొట్టడం, మండలానికి పంపడం. రోజుకు నలభైసార్లు కొట్టేవాణ్ణి. టీ తాగుతూ కొట్టేవాణ్ణి, క్రికెట్ గురించి మాట్లాడుతూ కొట్టేవాణ్ణి. ఆమె కాగితం మీద కూడా కొట్టాను. అది మంగళవారం తపాలులో మండలానికి పోయింది.

ఏం తప్పు అని కొత్తవాళ్లు అడగొచ్చు. పద్ధతి ప్రకారం ఒక్క తప్పూ లేదు. విచారణ అంటే ఏమిటో తెలిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. మండలం నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆ ఊరికి పోతాడు. ఊళ్లో నీడగా ఉన్న అరుగు మీద కూచుంటాడు. ఆ అరుగు ఎవరిది? తుపాకి అడిగేంత స్తోమత ఉన్నవాడిదే. మజ్జిగ తాగి, కాగితం తీసి, నీ మీద ఫలానావాళ్లు ఇట్లా రాశారు, నీ సమాధానం ఏమిటి అని పైకి చదువుతాడు. అంటే భార్య చాటుగా చెప్పుకున్న మాటను ప్రభుత్వ ఖర్చుతో భర్తకు చదివి వినిపించడానికి నేను ఏర్పాటు చేశానన్నమాట.

ఇది నాకు వెంటనే తట్టిందనుకున్నారా? తట్టలేదు. బుధవారం సాయంత్రం దాకా తట్టలేదు.

ఆ వారమే మా ఆఫీసుకు ఇంకో తలనొప్పి వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో ఒక కుర్రవాడు చాలామందిని కాల్చి చంపాడని పేపర్లో వచ్చింది. వాడు కంప్యూటర్లో కాల్పుల ఆటలు ఆడేవాడని కూడా రాశారు. మన ఊళ్లో నెట్ సెంటర్ల సంగతి ఏమిటని పైన మీటింగు పెట్టి, ఒక నోటు తయారుచేయమన్నారు. ఆ కాగితం ఏ సెక్షనుకు పంపాలో ఎవరికీ తెలియలేదు. చివరికి మా సూపరింటెండెంటు దాన్ని తెచ్చి నా ముందు పడేశాడు. ఆయన పెద్ద వయసు ముస్లిం, పాత కర్నూలు మనిషి, నవ్వకుండా నవ్విస్తాడు.

"తుపాకులంటే నీ సీటే కదప్పా. నిజందైతేనేం, కంప్యూటర్లోదైతేనేం. పోయి చూసి రా" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం పోయాను. బట్టల కొట్టు పైన మేడ మీద నెట్ సెంటరు. కింద అన్న బట్టలమ్ముతాడు, పైన తమ్ముడు గంటల లెక్కన కంప్యూటర్లు ఇస్తాడు. కాలేజీ పిల్లలు పదిమంది వరసగా కూచుని ఒకరినొకరు కాల్చుకుంటున్నారు. చచ్చినవాడు నవ్వుతున్నాడు, చంపినవాడూ నవ్వుతున్నాడు. వీళ్లలో వీళ్లు నిజంగా కొట్టుకుంటారా అని యజమానిని అడిగాను. కరెంటు పోయినప్పుడు మాత్రం మిగిలిన నిమిషాల కోసం కొట్టుకుంటారు సార్ అన్నాడు. అది కూడా రాసుకున్నాను.

ఆడకుండా నోటు ఎట్లా రాస్తారు, కూచోండి అని ఒక కంప్యూటర్ ముందు నన్ను కూచోబెట్టాడు. ఇది నొక్కితే నడక, ఇది నొక్కితే కాల్పు. ఒక గోడ మలుపు తిరిగాను. ఎదురుగా ఎవడో వచ్చాడు. ఢాం అంది. యజమాని పగలబడి నవ్వాడు, "సార్, వాడు మనోడే!" అని.

వాడు మన జట్టువాడని నాకూ తెలిసింది, అయితే వేలు నొక్కాక తెలిసింది. పక్కన కూచున్న పిల్లలకు అది పెద్ద వినోదం. నేను మాత్రం కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. మెట్లు దిగుతూ నా కుడిచేతి వేళ్లు చూసుకున్నాను. ఆలోచన రాకముందే నొక్కే పని ఈ వేళ్లు ఇంకెక్కడో చేశాయే అనిపించింది. బట్టల కొట్టు ముందు నిలబడి ఉండగా గుర్తొచ్చింది. స్టాంపు.

పరుగులాంటి నడకతో ఆఫీసుకు చేరాను. తపాలు గుమాస్తా రిజిస్టరు తిప్పి, నిన్ననే పోయింది సార్ అన్నాడు. మండలం ఆఫీసుకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు. సూపరింటెండెంటు దగ్గర కూచుని జరిగింది చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకు పో. ఆ కాగితం ఫైల్లో ఉంటే ఆయమ్మకు కష్టం. లేకుంటే నీకు కష్టం. ఎవరికి కావాల్నో నువ్వే తేల్చుకో భాయ్" అన్నాడు. సెలవు చీటీ కూడా అడగలేదు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా ఇంటావిడ ఏమైందని అడిగితే ఎండ అన్నాను. అర్జీ తెచ్చినామె వేలిముద్ర కళ్ల ముందు కదులుతూనే ఉంది. నన్ను నమ్మి వచ్చింది, నేను తీసుకెళ్లి అప్పజెప్పాను.

గురువారం పొద్దున బస్సు దిగి మండలం ఆఫీసుకు పోయేసరికి పది దాటింది. ఇన్‌స్పెక్టరు సార్ ఇప్పుడే ఆ ఊరికి బయల్దేరినాడు సార్, మోటారు సైకిల్ మీద, అన్నారు. సెల్‌కు చేస్తే అందుబాటులో లేదని ఆడగొంతు. బయట ఉన్న ఒకే ఒక ఆటోను బతిమాలి ఎక్కాను. దారంతా ఎర్రమట్టి, రాళ్లు, రెండువైపులా ఎండిన చేలు. ఆటో అబ్బాయి పాటలు పెట్టుకుని తాపీగా తోలుతున్నాడు. బిన్నా పోనీయప్పా అంటే, రోడ్డు ఉండాలి గదా సార్ అన్నాడు.

ఊళ్లోకి పోగానే దూరం నుంచే మోటారు సైకిల్ కనబడింది. నేను భయపడినట్టే అరుగు, నేను భయపడినట్టే మజ్జిగ. ఇన్‌స్పెక్టరు కూచుని ఉన్నాడు. ఎదురుగా తెల్లచొక్కా వేసుకున్న మనిషి, నలభై ఏళ్లవాడు, చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడి ఉన్నాడు. ఆయనే భర్త. వాకిట్లో ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని ఉంది. నన్ను చూసింది. ఆ ముఖంలో రక్తం దిగిపోవడం అంత దూరం నుంచీ కనబడింది.

ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం సగం తీసి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి లేచాడు. "మీరే వచ్చినారే సార్. ఇప్పుడే చదువుతాండా" అన్నాడు.

"చదవొద్దు" అన్నాను. సర్దుకుని, ఆ కాగితం పొరపాటున ఈ ఫైల్లో కలిసింది, ఇది వేరే ఊరిది, వెనక్కి తీసుకుపోదామని వచ్చాను అన్నాను.

"ఏ ఊరిది సార్?" అన్నాడు భర్త.

నోటికి వచ్చిన ఊరు చెప్పాను, కోసిగి అని. ఆయన ఆశ్చర్యపోయాడు. "కోసిగోళ్లు సగం మంది వలస పోయి ఉంటారు గదా సార్. ఆడ తుపాకి ఎవురికి?"

అబద్ధం చెప్పడానికి కూడా జిల్లా జ్ఞానం ఉండాలని అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టరు చూపు కాగితం పై వరసల మీద పడింది. ఆ వరసల్లో ఈ ఊరి పేరే ఉంది. ఆయన నన్ను చూశాడు, వాకిలివైపు చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు. తరువాత దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, "అవునప్పా, కోసిగిదే. మా గుమాస్తా ఎప్పుడూ ఇంతే" అన్నాడు. ఈ మనిషి మజ్జిగకు అమ్ముడుపోతాడని దారిపొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. ఆ తిట్లన్నీ నాకే చెందుతాయి.

ఇంత దూరం వచ్చి భోంచేయకుండా పోతే ఎట్లా అని భర్త పట్టుబట్టాడు. కాదంటే అనుమానం వస్తుందని కూచున్నాను. ఆమే వడ్డించింది. జొన్నరొట్టె పెట్టేటప్పుడు ఆమె నా ముఖం చూడలేదు, నేనూ పళ్లెం మీదనుంచి తల ఎత్తలేదు. తిన్నాక చేయి కడుక్కునే నెపంతో వీధిలోకి వచ్చి, ఎదురింటి అరుగు దాకా నడిచాను. ఇరవై రెండు అంగలు. ఆమె చెప్పినన్ని కూడా లేవు. అరుగు మీద ముసలామె, చిన్నపిల్లలు, కొర్రలు చెరుగుతున్న ఒక ఆడమనిషి. పోలికలు చూస్తే అక్క అని తెలుస్తూనే ఉంది. ఆమె నన్ను చూసి, ఎవరి కోసం వచ్చినావన్నా అని అడిగింది. ఎవరి కోసమూ కాదమ్మా అన్నాను.

భర్త నన్ను పొలం దాకా తీసుకెళ్లాడు. అర్జీలో బుడ్డల చేను, అంటే వేరుశనగ చేను అని రాశాడు. చేను బట్టతలలా ఉంది. బోరు పైపు మూతి మీద రాయి పెట్టి ఉంది. మూడేళ్లుగా విత్తనమే పడలేదట. "ఈసారి వాన పడితే ఏస్తా సార్. ఏస్తే పందులు రాకుండా ఉంటాయా?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి జాలేసింది. కోపం మనిషిగా నేను ఊహించుకున్నవాడు అక్కడ లేడు. ఎండిన చేనిలో లేని పందుల గురించి బెంగపడుతున్న రైతు ఉన్నాడు.

తిరుగు దారిలో ఇన్‌స్పెక్టరు తన బండి మీద నన్ను ఎక్కించుకున్నాడు. ఊరు దాటాక, "పైన రెండు లైన్లు చదివినా సార్. మర్చిపోయినా" అన్నాడు. ఆ తరువాత మండలం వచ్చేదాకా వానల గురించే మాట్లాడాడు.

కాగితం చేతికొచ్చింది కానీ చిక్కు విడిపోలేదు. ఆమె మాట ఫైల్లో లేకపోతే లైసెన్సు ఆపడానికి ఏ ఆధారమూ లేదు. రిపోర్టులు రెండూ అనుకూలం. నాలుగు రోజులు ఆ ఫైలు సొరుగులో పెట్టుకుని తిరిగాను. చివరికి ఆ రైతు నన్ను నమ్మి చూపించిన చేనే వాడుకున్నాను. స్వయంగా పరిశీలించగా వానలు పడక మూడేళ్లుగా సాగు లేదని, రక్షించడానికి పంటే లేనందున పంట రక్షణకు ఆయుధం అవసరం లేదని రాశాను. కరువు మా సీమకు చేసిన మేలు నా ఎరుకలో అదొక్కటే. ఆ నోటు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది, రాయకుండా ఉండలేకపోయాను కూడా.

పై అధికారి ఒకే పూట రెండు కాగితాల మీద సంతకం చేశాడు. ఒకటి నెట్ సెంటర్లు సాయంత్రం త్వరగా మూసేయాలని. అది ఫోటోతో సహా పేపర్లో వచ్చింది. రెండోది ఈ తిరస్కరణ. అది ఎవరికీ తెలియదు. ఆటలు పిల్లల్ని పాడుచేస్తాయా అంటే చేయవని నేను పూచీ పడను, ఆ వెలుతురులో గంటలకొద్దీ కూచున్న కళ్లను చూశాను. నేను ఒక్క నిమిషం ఆడి మనవాణ్ణే చంపాను. కానీ ఆటలో వాడు మళ్లీ లేచాడు. మీటింగులో అందరూ ఆటల గురించే మాట్లాడారు. నా బీరువాలో అప్పటికి మంజూరుకు సిద్ధంగా ఉన్న మిగతా ఫైళ్ల గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నెల తిరక్కుండా భర్త ఆఫీసుకు వచ్చాడు. ఉత్తర్వు కాగితం నా టేబుల్ మీద పెట్టి, అరవలేదు, తిట్టలేదు. "మా ఇంట్లో అన్నం తిని పోయినావు గదా సార్" అన్నాడు. అంతే అని వెళ్లిపోయాడు. అంతకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది. ఆ రోజంతా, అతను ఇంటికెళ్లి ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటాడోననే బెంగే. పేపరు తెరిస్తే ముందు ఆ మండలం వార్తలే వెతికేవాణ్ణి.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం తలెత్తేసరికి టేబుల్ ముందు ఆమె. కుడిచేయి మోచేతి దాకా సిమెంటు కట్టు, మెడకు గుడ్డతో వేలాడదీసి ఉంది. నేను లేచి నిలబడ్డాను.

ఆమే చెప్పింది. వారం కిందట బావ వాళ్ల బోరు మోటారు వైరు ఎవరో కోశారు, ఈయనే కోశాడని వాళ్లు అన్నారు. ఈయన కట్టె తీసుకుని ఉరికాడు. ఎదురింట్లో అందరూ అరుగు మీదే ఉన్నారు. ఆ పూట వీధిలో పట్టుకునే మగవాళ్లు లేరు, వానదేవుడి పూజకని పోయారు. ఆమె వెనకనుంచి ఉరికి, నడివీధిలో అడ్డం నిలబడింది. దెబ్బ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకూ వినబడింది. కట్టె అక్కడే పడేసి కూలబడిపోయాడు. ఎదురింటి నుంచి బావే వచ్చి బండి కట్టించాడట.

నాకు ఆ మనిషి మీద ఒళ్లు మండింది. కేసు పెట్టమ్మా, నేను వస్తాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఆడించింది. దాని కోసం రాలేదంది.

"మళ్లీ అర్జీ పెడతాడేమో సార్. వాన పడి చేను పచ్చగయితే ఏం రాస్తారు? ముందే చెప్పిపోదామని వచ్చినా."

వచ్చే నెలలో నా బదిలీ ఉందని చెప్పలేకపోయాను. చేయి ఎట్లా ఉందమ్మా అని మాత్రం అడిగాను. ఆమె కట్టు వైపు చూసుకుంది.

"కట్టె దెబ్బే గదా సార్, అతుక్కుంటాదన్నారు" అంది.

విరిగిన చేతిని చూసి హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆమె వెళ్లాక కిటికీ దగ్గరికి పోయి చూశాను. మంచినీళ్లకని చెప్పి లోపలికి వచ్చిందేమో, కింద గేటు పక్కన భర్త కొబ్బరిబోండాం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆమె ఎడమచేత్తో అందుకోబోతే ఇవ్వలేదు, తనే పట్టుకుని తాగించాడు.

బదిలీ అయ్యేటప్పుడు నా తరువాత వచ్చినవాడికి సంగతి నోటితో చెప్పాను. అతను తల ఊపాడు. తల ఊపుతూనే నా పాత స్టాంపు తీసుకుని పక్కనున్న కాగితం మీద కొట్టాడు. ఆమె వేలిముద్ర ఉన్న కాగితం నాలుగు మడతల్లో ఈనాటికీ మా ఇంట్లోనే ఉంది. ఫైల్లో మాత్రం వాన పడలేదన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆ తరువాతి ఏడు మా సీమంతా వానలు బాగా పడ్డాయి.